చలి పూలు మన చలకల్లోకి వచ్చిన దారి

థామస్ డ్రమ్మండ్ అనే స్కాట్లండు వృక్షశాస్త్రజ్ఞుడు టెక్సాస్‌లో తిరిగి ఏరిన విత్తనాలను బ్రిటన్‌కు పంపి, 1835లో క్యూబాలో కన్నుమూశాడు. ఆ విత్తనాల్లోంచి వచ్చిన ఒక మొక్కకు హుకర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు డ్రమ్మండ్ పేరే పెట్టాడు. జనవరిలో మన నర్సరీల ముందు గుత్తులుగా కనిపించే ఫ్లాక్స్ అదే.

ఇలాంటి చలికాలపు పూలు హైదరాబాదుకు ముఖ్యంగా కంటోన్మెంటు దారిన వచ్చాయి. 1806లో సికిందరాబాదు వెలిసింది. 1860లో బోలారంలో రెసిడెన్సీ భవనం లేచింది, ఇప్పటి రాష్ట్రపతి నిలయం అదే. దొరలకు తమ దేశపు వసంతం కావాలి. మన ఎండాకాలంలో అది కుదరదు కానీ, సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న ఈ పీఠభూమి మీద డిసెంబరు రాత్రులు 15 డిగ్రీల దాకా దిగుతాయి. కోస్తాలో దొరకని చలి అది.

చిక్కంతా విత్తనంతోనే. ఓడలు ఆఫ్రికాను చుట్టి వచ్చిన రోజుల్లో నెలల తరబడి వేడికి, తేమకు గింజ చచ్చిపోయేది. గాలి చొరబడని డబ్బాలు, 1869లో సూయజ్ కాలువ, 1874లో సికిందరాబాదుకు రైలు, ఇవన్నీ కలిస్తేనే మొలక నమ్మకంగా వచ్చింది. తోటమాలికి దిక్కుగా 1863లో ఫర్మింజర్ రాసిన పుస్తకం ఉండేది. అది బెంగాలు, ఉత్తరాది కోసమని పేరులోనే ఉంది. దక్కన్ వానల లెక్క వేరు.

వచ్చినవన్నీ ఒకేలా స్థిరపడలేదు. అంతకు చాలా ముందే మెక్సికో నుంచి వచ్చిన బంతి ఏకంగా బతుకమ్మలోకే ఎక్కింది, దాన్ని పరాయిదంటే ఎవరూ ఒప్పుకోరు. పెటూనియా, పాన్సీ, నర్సరీ వాళ్ళు డాగ్ ఫ్లవర్ అనే ఆంటిరైనం కుండీల దగ్గరే ఆగిపోయాయి. చైనా ఆస్టర్ మాత్రం పొలానికి వెళ్ళింది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ కామిని, పూర్ణిమ, శశాంక్ రకాలు ఇచ్చింది. నన్నడిగితే చలి పూలలో రైతు మెచ్చిందే అసలైన గెలుపు.

ఇక విత్తడం. తొందరపడితే ఏమవుతుందో హైదరాబాదు శివార్లలోని జల్‌పల్లి, బాలాపూర్ వాళ్ళకు చెప్పనక్కర్లేదు, 2020 అక్టోబరు 13న నగరాన్ని ముంచిన వాన గుర్తుంటుంది. అంత వాన రాకపోయినా, ముసురు పట్టినప్పుడు నీరు నిలిచిందంటే నారుకుళ్ళు తప్పదు. అందుకే ఎత్తుమడి కట్టి, ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, పైన కప్పు వేయాలి. పెటూనియా గింజలు గ్రాముకు సుమారు 10,000. వాటిని సన్నటి ఇసుకలో కలిపి చల్లి, చెక్కతో అదిమితే చాలు, మట్టి కప్పకూడదు, వెలుతురు ఉంటేనే మొలుస్తాయి. ఫ్లాక్స్‌ది సరిగ్గా దీనికి తలకిందులు, దానికి చీకటి కావాలి. స్వీట్ పీ గింజ గట్టిది, రాత్రంతా నానబెట్టాలి. ఆస్టర్ విత్తనం ఏడాది దాటితే మొలకశక్తి బాగా పడిపోతుంది, ప్యాకెట్ మీద తేదీ చూడకుండా కొనకండి. నీళ్ళు రోజ్ క్యాన్‌తోనే, పొద్దున పూటే. నాలుగైదు ఆకులు వచ్చాక నారు నాటి, వేళ్ళూనాక తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి.

అక్టోబరు నడిమి నుంచి నవంబరు మొదటి వారం లోపు విత్తితే సంక్రాంతి తర్వాత పూలు చూడొచ్చు. ఆ గడువు దాటితే మొక్క ఎదిగేలోపే ఫిబ్రవరి చివరి ఎండ తగులుతుంది. అలాంటి ఏడాది విత్తనాల జోలికి పోకుండా నర్సరీలో నారు కొనుక్కోవడమే మేలు.