రొట్టె ముందు, మాట తరువాత
కరువు కాలము మన కాపరులకు నేర్పిన పాఠము



ఈ శతవార్షికోత్సవ సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయవలసిందిగా కమిటీవారు మమ్మును కోరారు. దేవాలయాల శంకుస్థాపనలను గురించి, పాఠశాలలను గురించి వ్రాయగలవారు మాకంటె అర్హులు అనేకులున్నారు. మేము మాత్రము ఒక చిన్న ప్రశ్నను పట్టుకొని వెనుకకు వెళ్లదలచినాము. కష్టములో ఉన్న తోటి విశ్వాసికి మనము ఏమి చెప్పాలి? ఎప్పుడు చెప్పాలి? మన పూర్వులు దీనిని ఎలా నేర్చుకున్నారు?

ఈ నల్లరేగడి నేలకు సువార్త వచ్చి చాలాకాలమైంది. ఫాదర్ హయ్యర్‌గారు గుంటూరు చేరినది 1842 జూలై 31న. జాన్ క్లౌగారు ఒంగోలు వచ్చినది 1866లో. వారు లూథరన్ మిషనువారు, వీరు బాప్టిస్టు మిషనువారు. మన సంఘక్రమము వేరు కావచ్చును. అయినా ఈ జిల్లాల క్రైస్తవులందరము ఒకే బావినీళ్లు త్రాగి పెరిగినవారమే గనుక వారి అనుభవము మనకూ ఆస్తియే.

1876లో వానలు ముఖము చాటేశాయి. 1878 వరకు మద్రాసు రాజధానిని పట్టిపీడించిన ఆ మహా కరువులో లక్షలాదిమంది మరణించారు. కూలివారికి పని కల్పించుటకు ప్రభుత్వము బకింగ్‌హాం కాలువ త్రవ్వకము చేపట్టింది. సర్వే పని తెలిసిన క్లౌగారు మూడు మైళ్లకు పైగా కాలువను కాంట్రాక్టుకు తీసుకొన్నారు. దేశీయ బోధకులనే కూలి జట్లకు పెద్దలుగా నియమించారు.

ఇక్కడ మనము కొంచెము ఆగాలి. ఆ బోధకులు చేతిలో గ్రంథముతో ప్రసంగవేదిక ఎక్కలేదు. జనముతోపాటు ఎండలో నిలబడ్డారు, పని చూపారు, కూలి అందేలా చూశారు. త్రవ్వేవారు అలసి గట్టుమీద కూర్చున్నప్పుడు ప్రక్కన కూర్చుని మాట్లాడారు. ప్రయాసపడి భారము మోయుచున్న వారిని ప్రభువు పిలిచిన పిలుపే (మత్తయి 11) వారు తరచుగా చెప్పిన వాక్యము. తలమీద మట్టితట్ట మోసిన మనిషికి భారమంటే ఏమిటో వేరే వ్యాఖ్యానము అక్కరలేదు గదా! ముందు కూలి, తరువాత వాక్యము. అందుచేతనే ఆ మాట చెవిలో గాక గుండెలో పడింది.

రెండవ సంగతి ఇంకా గొప్పది. కరువు సాగుచున్నంతకాలము, దాదాపు 15 నెలలు, క్లౌగారు క్రొత్తవారికి బాప్తిస్మమియ్యలేదు. అడిగేవారు లేక కాదు. ఆకలిగొన్న మనిషి అవసరాన్ని తన విజయానికి వాడుకోరాదని ఆయన వెనుకాడారు. 1878 నడిమికి జనము గుంపులుగా వచ్చినప్పుడు తనవద్ద పంచిపెట్టుటకు ఇక సొమ్ము లేదని చెప్పారు. తమకు సొమ్ము వద్దని, చేతుల బొబ్బలే తాము కష్టపడినదానికి సాక్ష్యమని, చావవలసివస్తే క్రైస్తవులుగానే చస్తామని వారు బదులు చెప్పారట. అప్పుడే ఆయన మెత్తబడ్డారు. జూలై 3న వెల్లంపల్లివద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. పొద్దుటినుండి సాయంత్రము వరకు దేశీయ బోధకులే ఇద్దరిద్దరుగా నీళ్లలో దిగి బాప్తిస్మమిచ్చారు.

ఆకలికోసము మతము పుచ్చుకున్నారన్న నింద నాటినుండీ ఉన్నది. కొందరి మనస్సులో అన్నము ఆశ లేదని మేము ప్రమాణము చేయలేము. అంతమందికి బోధించుటకు బోధకులు చాలక సంఘములు ఎంతోకాలము ఇబ్బంది పడిన మాటా నిజమే. అయితే ఆ 15 నెలల ఓర్పు మాత్రము ఏ నిందకూ లొంగనిది. కష్టములో ఉన్నవానిచేత ఆ క్షణమే ఏదో ఒకటి ఒప్పించవలెనన్న తొందరను ఆయన జయించారు.

ఆ తొందర మాలో ఎంత ఉన్నదో చెప్పుకొనక తప్పదు. వేదాంత కళాశాలనుండి పట్టా పుచ్చుకొని వచ్చిన క్రొత్తలో, మిరపతోట పోయిన ఒక కౌలురైతు ఇంటికి వెళ్లాము. గ్రంథము తెరచి, విశ్వాసము పెంచుకోవలెనని, దేవుని భాగము సరిగా ఇస్తున్నావా అని, అరగంట బోధించి ప్రార్థన చేసి లేచాము. ఆయన తల ఎత్తలేదు. ఆ రాత్రి చదువురాని సంఘపెద్ద ఒకాయన ఆ ఇంటి అరుగుమీదనే మంచము వేసుకొని పడుకున్నాడు. తెల్లవారి ఆ రైతును వెంటబెట్టుకొని పురుగుమందుల కొట్టుకు వెళ్లి, పైపంట వరకు గడువు అడిగి వచ్చాడు. చాలాకాలము తరువాత ఆ రైతు మాతో అన్నాడు: “ఆ పొద్దు మీరు బాగానే ప్రార్థన చేశారు అయ్యగారూ. కాని నాకు ఎంత బాకీ ఉందో అడగలేదు.”

ఆ మాట ఇప్పటికీ మమ్మును విడువలేదు. మన ప్రాంతములో అది చిన్న మాట కాదు. తెల్లదోమ పత్తిని నాశనము చేసి 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తిరైతులు అనేకులు అప్పుల బాధతో ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో నల్ల తామరపురుగు మిరపపూతను తినివేసినప్పుడు మరల ఎన్నో ఇండ్లలో దీపము కొండెక్కింది. ఆ ఇండ్లలో మన సంఘస్థుల ఇండ్లూ ఉన్నవి.

ఏలీయా చావు కోరుకొని బదరీవృక్షము క్రింద పండుకొన్నప్పుడు దేవుడు ఆయనను గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇప్పించి నిద్రపోనిచ్చాడు. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. ప్రశ్న అడిగినది హోరేబు చేరిన తరువాతనే (1 రాజులు 19). యోబు స్నేహితులు కూడా ఏడు దినములు నోరు మెదపక కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరచి కారణాలు వెదకినప్పుడే తప్పిపోయారు.

అలాగని నోరు తెరవనే కూడదా? అది కాదు. గలతీ పత్రిక ఆరవ అధ్యాయములో ఒకరి భారములొకరు మోయవలెనని ఉన్నది. అక్కడికి మూడు వచనాల తరువాతనే ఎవని బరువు వాడు మోసికొనవలెనని కూడా ఉన్నది. రెండూ అపొస్తలుడు వ్రాసినవే. స్తోమతుకు మించిన పెండ్లి ఖర్చు, త్రాగుడు, ఇంట్లో ఆడవారికి తెలియకుండా పెట్టిన సంతకాలు — వీటిని గురించి చెప్పవలసిన సమయము వస్తుంది. ప్రేమించినవాడు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? అయితే ప్రక్కన కూర్చున్నవానికే ఆ మాట చెప్పే హక్కు ఉంటుంది.

కనుక మా మనవి ఇది. ముందు వినండి, బాకీ ఎంతో కూడా అడగండి. ఇది ఏ పాపానికి ఫలితమని తీర్పు చెప్పకండి. చెవిలో పడిన గోడును సాక్ష్యకూటములో బయటపెట్టకండి. చనిపోవలెనన్న మాట ఎవరి నోటనైనా వినబడితే తేలికగా తీసుకోకండి. వారిని ఒంటరిగా విడువకండి, ఆలస్యము చేయక వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లండి. ప్రార్థన, వైద్యము ఒకదానికొకటి పగ కావు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లరమ్మగారు జీవితమంతా చూపినది అదే. ఇక, ఆ దుఃఖము నిజముగా సంభవించిన ఇంటికి సమాధితోటలో చోటు గురించి వాదనతో వెళ్లవద్దు. కన్నీళ్లతో వెళ్లుదము. ఆ తల్లికి, ఆ పిల్లలకు తీర్పరులు అక్కరలేదు.

నూరేండ్ల పండుగనాడు మనము కట్టిన గోడలను లెక్కించుకుంటాము, మంచిదే. కాలువగట్టున అలసినవారి ప్రక్కన కూర్చున్న ఆ బోధకులనూ, అరుగుమీద పడుకున్న ఆ సంఘపెద్దనూ కూడా లెక్కలో చేర్చుకుందము. వారివంటివారు ప్రతి పల్లెలో ఒక్కరున్నా మన సంఘము బ్రతికియున్నట్లే.

సమస్త ఆదరణకు కర్తయగు దేవుడు మనలను ఆదరించి, ఇతరులను ఆదరించుటకు మనకు ఓర్పు దయచేయును గాక. ఆమేన్.