ఫాల్స్ సీలింగ్‌లో గ్యాప్‌లా? సిలికాన్ పూసేముందు ఇది చూడండి!

ఆఫీసులు, షాపుల్లో మెటల్ ఫ్రేమ్‌పై పరిచే జిప్సం పలకల చుట్టూ సందులుంటే దుమ్ము రాలుతుంది.. ఏసీ చల్లదనమూ పైకి పోతుంది. చాలామంది వెంటనే సిలికానో, పుట్టీనో పట్టించేస్తారు. అక్కడే చిక్కు! రేపు పైన వైరు కాలినా, ఏసీ డ్రెయిన్ పైపు లీకైనా పలక పగలగొట్టాల్సిందే.

దానికి బదులు పలకను పైకెత్తి, అది ఆనే ఫ్రేమ్ అంచును తుడిచి, నాలుగు వైపులా ఒకవైపే జిగురున్న సన్నటి ఫోమ్ టేప్ అంటించాలి. జిగురు ఫ్రేమ్‌కే, పలకకు కాదు. పలక బరువుకే టేప్ నొక్కుకుని సందు మూసుకుంటుంది. అవసరమైతే పలక మళ్లీ ఈజీగా లేస్తుంది. టేప్ మందమైతే మాత్రం పలకలు ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి.

తడి మరకలుంటే ముందు లీకు సంగతి తేల్చుకోవాలి. ఇళ్లలో స్క్రూలతో బిగించే సీలింగ్‌కు ఈ టేప్ పనిచేయదు. అక్కడ ట్రాప్ డోర్ పెట్టించుకోవడమే దారి.