తిత్తి, చెలమ, ఇండుప గింజ

ఉదయగిరి దుర్గం పేరు చెప్పగానే మనకు శ్రీకృష్ణదేవరాయలు, ప్రతాపరుద్ర గజపతి, 1514లో కోట లొంగిన పిమ్మట విజయనగరానికి తరలిన బాలకృష్ణ విగ్రహం జ్ఞప్తికి వస్తాయి. తెలుగు పండితుడిగా రాయలవారి పరిచయం చెప్పినన్నాళ్ళూ నేనూ అంతవరకే చెప్పాను. ఒకసారి వెనుక బల్ల మీది పిల్లవాడు లేచి, "ఏడాదిన్నర కొండ కింద కూర్చుంటే వాళ్ళు ఏ నీళ్ళు తాగినారయ్యోరూ?" అని అడిగాడు. "నీళ్ళకేమిరా, కూర్చో" అన్నాను. ఆ జవాబు తప్పని తెలుసుకోవడానికి నాకు ఉద్యోగ విరమణ దాకా పట్టింది.

ఆత్మకూరు నుండి ఉదయగిరికి పూర్వం రెండు రోజుల కాలినడక. ఆత్మకూరుకు దక్షిణాన పెన్న ఉన్నది. దానిని విడిచి వాయవ్యంగా సాగితే ఎర్రనేల, గులకరాళ్ళు, తుప్పలు, పడమట వెలిగొండలు. ఈ సీమకు ముఖ్యమైన వాన ఈశాన్య ఋతుపవనానిది. సంక్రాంతి దాటితే వాగులు ఇసుక బాటలైపోతాయి. దీనిని ఎడారి అనను గాని, మే నెలలో నడిచేవాడికి ఆ భేదం అంతగా తెలియదు.

పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాసిన వృత్తాంతాన్ని రాబర్ట్ సివెల్ 1900లో ఆంగ్లంలో ప్రకటించాడు. అందులో రాయలు 34,000 కాల్బలంతో, 800 ఏనుగులతో ఉదయగిరి మీదికి వచ్చాడని ఉన్నది. కోటకు ఒక్కొక్కడే నడవగల ఇరుకు దారి ఒక్కటే ఉండగా, బండలు పగలగొట్టించి వెడల్పాటి దారులు వేయించాడట. న్యూనిజ్ ఇది రాసింది సుమారు ఇరవై ఏళ్ళ తరువాత, విన్న మాటల మీద. కాబట్టి అంకెలను కొంత తగ్గించే చదవాలి. అయినా లెక్క వేసి చూశాను. ఎండలో బండలు కొట్టేవాడికి త్రాగడానికే రోజుకు నాలుగు లీటర్లు తప్పవు. 34,000 మందికి 1,36,000 లీటర్లు. ఏనుగు తక్కువలో తక్కువ నూరు లీటర్లు త్రాగుతుంది. వాటిని మడుగుకు తోలుకొని పోవచ్చుననుకున్నా, మనుషుల నీరు మనుషులో ఎద్దులో మోయవలసిందే. పైనున్న వారికి వాననీరు పట్టిన కోనేళ్ళున్నవి. దాహం భయమంతా కిందివారిది.

ఎలా మోశారన్నది ఈ ముట్టడి ఘట్టంలో లేదు. 1520 నాటి రాయచూరు దండయాత్ర ఘట్టంలో ఉన్నది. నీటితిత్తులు పట్టుకొని 12,000 మంది దారి పొడుగునా నిలిచి, నీరు తెచ్చిపెట్టే మనిషి లేనివారికి పోసేవారట, దాహంతో ఎవరూ చావకూడదని. మొదట చదివినప్పుడు ఇది గొప్పలనుకున్నాను. ఇరవై లీటర్లు పట్టే తిత్తి అనుకుంటే, ఉదయగిరి కాల్బలానికే రోజుకు 6,800 తిత్తులు కావాలి. గొప్పలు కావని అప్పుడు తోచింది.

తిత్తి అంటే మేకతోలు సంచి. తంగేడు చెక్కతో పదును చేసి, కుట్లు బిగించి, మెడ దగ్గర మూతి ఉంచేవారు. కుండలాగా పగలదు. చెమర్చిన నీరు ఆవిరవుతుంటే లోపలి నీరు చల్లబడుతుంది. తోలు వాసన మాత్రం భరించాలి. ఆ తోలుపని చేసినవారిని ఊరి బావి దగ్గరికి రానీయని దేశమిది. పన్నెండు వేల తిత్తులు కుట్టిన చేతుల గురించి ఏ శాసనమూ నా కంటబడలేదు.

అదే ఘట్టంలో మరొక ముచ్చట. మోకాలిలో సగం లోతున పారే ఏటిని సైన్యం దాటుతుంటే, సగం మంది దాటేసరికి ఏరు ఇంకిపోయిందట. మిగిలినవారు ఇసుకలో గుంటలు తీసుకొని నీరు తోడుకున్నారట. న్యూనిజ్ దానిని వింతగా చెప్పాడు. పెన్న ఒడ్డున పుట్టినవాడికి అందులో వింత లేదు, అది చెలమ. ఇసుకను మోచేతి లోతు తవ్వి, మొదట ఊరిన మడ్డినీటిని చిప్పతో తోడి పారబోసి, రెండోసారి ఊరినదాన్ని పట్టుకోవాలి. మడ్డిని వడపోసే పని ఇసుకే చేస్తుంది. మా అవ్వ ఆ తేటనీటిని కూడా నాలుగు మడతల పాతచీర గుండా కడవలోకి పోసేది. ఆ పట్టింపు వట్టిది కాదు. నారికురుపు పురుగును మోసే సూక్ష్మజీవులను గుడ్డ ఆపుతుంది. మన దేశంలో 1996 తరువాత నారికురుపు లేకుండా పోవడంలో వడకట్టే గుడ్డకూ పాలున్నది.

ఇసుక లేనిచోట ఇండుప గింజ. కొందరు చిల్లగింజ అంటారు, సంస్కృతంలో కతకం. గరుకు కుండ లోపలివైపు దానిని అరగదీసి బురదనీరు పోస్తే, మట్టిరేణువులు ఒకటికొకటి అంటుకొని బరువెక్కి అడుగుకు దిగుతాయి. నీటిని తేర్చే ఏడు వస్తువులలో సుశ్రుతుడు దీనిని చెప్పాడు, వస్త్రాన్నీ చెప్పాడు. కతకం పేరు పలికినంత మాత్రాన నీరు తేరదని మనుస్మృతి చెప్పిన ఉపమానం పండితులెరిగినదే.

ఆ ఉపమానం చెప్పేటప్పుడు తరగతిలో గింజ అరగదీసి చూపాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. మర్నాడు ఆ వెనుక బల్ల పిల్లవాడే ఇంటినుండి చెంబు తెచ్చాడు.

"దీంట్లో కూడా వేయండయ్యోరూ."

"ఇవి తేటగానే ఉన్నాయి గదరా!"

"మా బోరు నీళ్ళు. ఇవి తాగే మా అమ్మమ్మ నడుము వంగిపోయిందంట."

వాడి పళ్ళమీద గోధుమరంగు చారలుండేవి. నవ్వినప్పుడు చేయి అడ్డం పెట్టుకొనేవాడు. ఫ్లోరైడు నీటిలో తేలే మట్టి కాదు, కరిగిపోయి ఉంటుంది. గుడ్డకు చిక్కదు, ఇసుకకు ఆగదు, గింజకు దిగదు, కాచితే నీరు ఆవిరై మరింత చిక్కనవుతుంది. పటికా సున్నమూ కలిపి దానిని అడుగుకు దింపే నల్లగొండ పద్ధతిని నాగపూరు పరిశోధకులు 1970లలోనే రూపొందించారు. అదీ ఇండుప గింజ లాగా మడ్డి కట్టించి దింపే ఉపాయమే. నాకు ఆ రోజు అది తెలియదు.

ఆ చెంబులో గింజ అరగదీయలేదు. వాడు కాసేపు నిలబడి, చెంబు తీసుకొని వెళ్ళాడు. పోతూ గుమ్మం దగ్గర ఆ నీళ్ళే రెండు గుక్కలు త్రాగాడు.