చేసిన పని, చెయ్యని పని: ఐస్‌లాండ్ బ్యాంకుల పతనం తర్వాత జవాబుదారీ

2010 ఏప్రిల్ 12న ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లోని సిటీ థియేటర్ వేదిక మీద నటీనటులు ఒక నివేదికను పైకి చదవడం మొదలుపెట్టారు. దేశంలోని మూడు పెద్ద బ్యాంకులు ఎందుకు కూలిపోయాయో తేల్చమని పార్లమెంటు వేసిన ప్రత్యేక విచారణ సంఘం ఆ రోజే దాన్ని విడుదల చేసింది. తొమ్మిది సంపుటాలు, రెండు వేలు దాటిన పేజీలు. ఒకరి తర్వాత ఒకరు, రాత్రింబవళ్లు, ఆఖరి పేజీ దాకా చదివారు. వచ్చినవాళ్లు వచ్చి కూర్చుని విన్నారు.

ఆ తర్వాత ప్రపంచమంతా ఒక కథ తిరిగింది: ఐస్‌లాండ్ తన బ్యాంకర్లను జైల్లో పెట్టింది, అందుకే త్వరగా కోలుకుంది. ఇందులో రెండు వాదాలున్నాయి. మొదటిది చాలావరకు నిజం. రెండోదానికి గట్టి ఆధారం లేదు. అసలు ప్రశ్న మూడోది, దాన్ని ఈ కథ తాకనే తాకదు: బ్యాంకులపై నిఘా పెట్టాల్సినవాళ్ల సంగతేమిటి? నేర చట్టం ప్రధానంగా చేసిన పనిని పట్టుకోవడానికి పుట్టింది. నియంత్రకుల తప్పు ఎక్కువగా చెయ్యని పనిలో ఉంటుంది. ఈ తేడాను లెక్కలోకి తీసుకోకుండా జవాబుదారీని కొలిస్తే కొలత తప్పుతుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

పది రోజుల పతనం

సంక్షోభం నాటికి ఐస్‌లాండ్ జనాభా సుమారు 3.2 లక్షలు. 2011 జనాభా లెక్కల నాటి రాజమండ్రి నగరం కన్నా కాస్త తక్కువ. అంత చిన్న దేశంలో లాండ్స్‌బాంకి, గ్లిట్నిర్, కౌప్తింగ్ అనే మూడు బ్యాంకుల ఆస్తుల పట్టీ దేశ స్థూలోత్పత్తికి సుమారు తొమ్మిది రెట్లకు పెరిగింది. 2008 సెప్టెంబర్ 29న గ్లిట్నిర్‌లో 75 శాతం వాటాను 60 కోట్ల యూరోలకు తీసుకుంటామని ప్రభుత్వం ప్రకటించింది. అక్టోబర్ 6న అత్యవసర చట్టం వచ్చింది. అక్టోబర్ 9 నాటికి మూడు బ్యాంకులూ ప్రభుత్వ నియంత్రణ సంస్థ చేతిలో ఉన్నాయి.

విచారణ సంఘంలో ముగ్గురే సభ్యులు: సుప్రీంకోర్టు న్యాయమూర్తి, పార్లమెంటు అంబుడ్స్‌మన్, యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఒక ఆర్థికవేత్త. బ్యాంకుల అప్పుల ఖాతాలను రహస్య నిబంధనల అడ్డు లేకుండా తెరిచి చూసే అధికారం చట్టం వాళ్లకిచ్చింది. అలా చూస్తే బయటపడిందేమిటంటే, బ్యాంకుల పెద్ద యజమానులే వాటి దగ్గర పెద్ద బాకీదారులు. పైగా తమ షేర్లు కొనుక్కునేందుకు బ్యాంకులే జనానికీ కంపెనీలకూ అప్పులిచ్చాయి. 2008 మధ్యనాటికి మూడు బ్యాంకుల మూలధనంలో పావు వంతుకు పైగా ఇలాంటి ‘బలహీన మూలధనమే’ అని సంఘం అంచనా వేసింది. నష్టం వస్తే కాపాడాల్సిన గోడ, తన ఇటుకలు తానే అరువిచ్చి కట్టుకున్న గోడ అయింది.

చేసిన పనికి శిక్ష

ప్రత్యేక ప్రాసిక్యూటర్ పదవికి మొదటిసారి ప్రకటన ఇస్తే ఎవరూ దరఖాస్తు చెయ్యలేదు. చివరికి అక్రానెస్ అనే చిన్న ఊరి పోలీసు అధికారి ఓలాఫుర్ హౌక్సన్ ఒప్పుకున్నారు. 2009 మొదట్లో నలుగురైదుగురితో తెరిచిన ఆ కార్యాలయం తర్వాత వంద మందిని దాటింది.

ఒక్క కేసును దగ్గరగా చూద్దాం. 2008 సెప్టెంబర్ 22న ఖతార్ రాజకుటుంబానికి చెందిన ఒక షేక్ కౌప్తింగ్‌లో 5.01 శాతం వాటా కొన్నట్టు ప్రకటన వెలువడింది. అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెట్టుబడి బ్యాంకు కూలి వారమే అయింది. అలాంటి రోజుల్లో గల్ఫ్ నుంచి డబ్బు వచ్చిందంటే మార్కెట్‌కు ధైర్యం వస్తుంది. అయితే కొనుగోలుకు డబ్బు కౌప్తింగే కంపెనీల గొలుసు ద్వారా అప్పుగా సమకూర్చిందని కోర్టులో తేలింది. బయటినుంచి వచ్చినట్టు కనబడిన సొమ్ము లోపలినుంచి బయలుదేరి లోపలికే వచ్చింది. ప్రకటన వచ్చిన పదిహేడో రోజుకు బ్యాంకు కూలింది.

నమ్మకద్రోహం, మార్కెట్ మోసం అభియోగాలపై 2013 డిసెంబర్‌లో జిల్లా కోర్టు శిక్షలు వేసింది. 2015 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దోషనిర్ధారణను ఖాయం చేసింది. బ్యాంకు ముఖ్య కార్యనిర్వాహకుడికి అయిదున్నర ఏళ్లు, ఛైర్మన్‌కు నాలుగేళ్లు పడ్డాయి. ఇక్కడ సంతకం ఉంది, అప్పు పత్రం ఉంది, తేదీ ఉంది. కోర్టుకు కావలసినవి అవే.

ఈ శిక్షలకు మరో పక్క కూడా ఉంది. 2019లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఇదే కేసును పరిశీలించి, సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఒక న్యాయమూర్తి కుమారుడు కౌప్తింగ్‌లో పనిచేసిన కారణంగా నిష్పాక్షికత హక్కుకు భంగం కలిగిందని తేల్చింది. లాండ్స్‌బాంకి వాటాల్లో న్యాయమూర్తి స్వయంగా నష్టపోయిన మరో కేసులో 2020లో అదే మాట అంది. అందరూ అందరికీ తెలిసిన దేశంలో బ్యాంకుతో ఏ సంబంధమూ లేని న్యాయమూర్తి దొరకడం కష్టమే. జవాబు అడిగేవాడిని కూడా ఎవరో ఒకరు జవాబు అడగాలి.

చెయ్యని పనికి ఏ సెక్షన్?

కంచే చేను మేసిందనే సామెత ఐస్‌లాండ్ నియంత్రకులకు పూర్తిగా అతకదు. వాళ్లు బ్యాంకుల సొమ్ము తిన్నారని సంఘం అనలేదు. చేను పెరుగుతూ పోయింది, కంచె ఉన్నచోటే ఉంది. చట్టం చెప్పే అర్థంలో నిర్లక్ష్యం చూపారని సంఘం ఏడుగురిని పేర్కొంది: ప్రధాని గైర్ హార్దే సహా ముగ్గురు మంత్రులు, కేంద్ర బ్యాంకు గవర్నర్లు ముగ్గురు, ఆర్థిక పర్యవేక్షణ సంస్థ డైరెక్టర్. గవర్నర్లలో ప్రముఖుడు దవీద్ ఒడ్సన్. బ్యాంకులను ప్రైవేటుపరం చేసిన కాలంలో ప్రధానిగా ఉన్నదీ ఆయనే.

తర్వాత ఏమైంది? నలుగురు మాజీ మంత్రులపై అభియోగం మోపాలా అని 2010 సెప్టెంబర్‌లో పార్లమెంటులో ఓటు పెట్టారు. హార్దే ఒక్కరి విషయంలోనే 33–30 తేడాతో ఔనన్నారు. 1905లో ఏర్పాటై అప్పటిదాకా ఒక్కసారీ కూర్చోని మంత్రుల న్యాయస్థానం ఆయన కోసం కూర్చుంది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన తీర్పులో నిలిచింది ఒకే ఆరోపణ: కీలక విషయాలను మంత్రివర్గ సమావేశాల్లో చర్చకు పెట్టకపోవడం. శిక్ష ఏమీ పడలేదు. గవర్నర్ల మీద గానీ, పర్యవేక్షణ సంస్థ అధిపతి మీద గానీ ఆ నిర్లక్ష్యానికి క్రిమినల్ కేసు నడవలేదు. కొత్త ప్రభుత్వం చట్టం మార్చి పదవి నుంచి తప్పించిన ఒడ్సన్, ఆ తొలగింపు జరిగిన ఏడాదే దేశంలోని ఒక ప్రధాన దినపత్రికకు సంపాదకుడయ్యారు.

దీనికి ఎదురుగా ఒక చిన్న ఉదాహరణ. ఆర్థిక శాఖ శాశ్వత కార్యదర్శి బ్యాంకుల ఆరోగ్యంపై ప్రభుత్వం వేసిన సంప్రదింపుల కమిటీలో సభ్యుడు. పతనానికి కొద్ది వారాల ముందు తన లాండ్స్‌బాంకి వాటాలు అమ్ముకున్నందుకు ఆయనకు రెండేళ్ల జైలు పడింది. కమిటీ చేతులు కట్టుకుని కూర్చున్నందుకు కాదు, ఆయన చేతితో అమ్మినందుకు. చట్టం ఎక్కడ పట్టు దొరకబుచ్చుకుంటుందో, ఎక్కడ జారిపోతుందో ఈ ఒక్క కేసులోనే కనిపిస్తుంది.

కాపలాదారు నిద్రే బోనులోని వాదన

రెండు తప్పులనూ విడివిడిగా చూడలేమనడానికి ఐర్లాండ్ సాక్ష్యం. ఆంగ్లో ఐరిష్ బ్యాంక్ 2008 జులైలో పదిమంది ఖాతాదారులకు, తన షేర్లే కొనమని, చట్టవిరుద్ధంగా అప్పులిచ్చింది. 2014లో ఇద్దరు మాజీ డైరెక్టర్లు దోషులుగా తేలారు. అయినా న్యాయమూర్తి వాళ్లను జైలుకు పంపలేదు. ప్రభుత్వ నియంత్రణ సంస్థే వాళ్లను తప్పుదోవలోకి నడిపించిందని, అలాంటప్పుడు జైలు న్యాయం కాదని అభిప్రాయపడి, 240 గంటల సమాజ సేవ విధించారు. నియంత్రకుడి వైఫల్యం బ్యాంకరుకు రక్షణ కవచమైంది. వేరే అభియోగాలపై అదే బ్యాంకు ముఖ్య కార్యనిర్వాహకుడికి 2018లో ఆరేళ్ల శిక్ష పడింది కాబట్టి ఐర్లాండ్ ఎవరినీ శిక్షించలేదనడం సరికాదు. అయితే నియంత్రకుణ్ణి అడగకుండా వదిలేస్తే బ్యాంకరును అడగడమూ కష్టమవుతుందన్నది మాత్రం కాదనలేం.

హైదరాబాద్‌లో రెండేళ్లు

ఇక్కడ మన అనుభవమూ ఒకటుంది. 1994లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంక్‌పై 2004 జులై 24న కేంద్రం మారటోరియం విధించింది. ఖాతాదారు తీసుకోగలిగింది పది వేల రూపాయలు. మూడు వారాల్లో, ఆగస్టు 14న, ఆ బ్యాంకు ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిసిపోయింది. డిపాజిటర్ల సొమ్ము దక్కింది, షేర్‌హోల్డర్లకు ఏమీ మిగలలేదు.

గమనించాల్సింది తేదీలను. 2002 మార్చి నాటి ఆర్థిక స్థితిపై ఆడిటర్లు చెప్పిన లెక్కకూ తన తనిఖీలో తేలిన లెక్కకూ పెద్ద తేడా ఉందని రిజర్వ్ బ్యాంకే తర్వాత ప్రకటించింది. బ్యాంకును ఆంక్షల్లో పెట్టి నెలనెలా గమనిస్తూ వచ్చామనీ చెప్పింది. అంటే చెయ్యని పని అని ఇక్కడ తేలిగ్గా అనలేం. బహిరంగంగా చెబితే జనం ఎగబడి డబ్బు తీసుకుంటారన్న భయమూ కొట్టిపారేయదగ్గది కాదు. కానీ ఆ రెండేళ్లలో షేరు కొన్నవాడికి రిజర్వ్ బ్యాంకుకు తెలిసింది తెలియదు.

2015 డిసెంబర్ 16న సుప్రీంకోర్టు ఈ విషయాన్నే సూటిగా తాకింది. తనిఖీ నివేదికలను సమాచార హక్కు కింద ఇవ్వాలనీ, రిజర్వ్ బ్యాంకు నమ్మకబద్ధంగా ఉండాల్సింది బ్యాంకులకు కాదనీ, డిపాజిటర్ల, ప్రజల ప్రయోజనాలను కాపాడటమే దాని బాధ్యత అనీ చెప్పింది.

తేలేదేమిటి?

జైలు శిక్షలే ఐస్‌లాండ్‌ను నిలబెట్టాయని చెప్పలేం. ఐస్‌లాండ్ కరెన్సీ క్రోనా విలువ పడిపోవడం, 2008 నవంబర్ నుంచి 2017 మార్చి దాకా సాగిన పెట్టుబడుల నియంత్రణ, అంతర్జాతీయ ద్రవ్యనిధి రుణం, పర్యాటకుల వెల్లువ అన్నీ ఒకే కాలంలో పనిచేశాయి. ఏది ఎంత అని విడదీయడం కష్టం. శిక్షలు భవిష్యత్తులో మోసాన్ని ఆపుతాయా అన్నదానికీ ఒక్క దేశపు అనుభవం చాలదు.

ఈ కేసులు చూపించేది ఇంతకన్నా చిన్నది, కాస్త గట్టిది. బ్యాంకరును కోర్టు అడగగలదు. నియంత్రకుణ్ణి అడగడానికి ఖాతాలు తెరిచే అధికారం, పేర్లు రాసే ధైర్యం, అందరూ చదివే నివేదిక కావాలి. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని ఎగతాళి చేస్తాం గానీ, ఆ ఆర్నెల్లను ఎవరూ లెక్కపెట్టరు. లెక్కపెట్టాల్సింది దాన్నే: నియంత్రకుడికి తెలిసిన రోజుకూ జనానికి తెలిసిన రోజుకూ మధ్య దూరం. హైదరాబాద్‌లో, 2002 మార్చి నాటి లెక్కల నుంచి చూస్తే, అది రెండేళ్ల చిల్లర. రేక్యవిక్‌లో కౌప్తింగ్ కూలడానికి మూడు రోజుల ముందు కేంద్ర బ్యాంకు దానికి 50 కోట్ల యూరోలు అప్పిచ్చింది. ఆ అప్పు గురించి హార్దే, ఒడ్సన్ ఫోన్‌లో మాట్లాడుకున్న మాటల పాఠం అచ్చయింది 2017లో, తొమ్మిదేళ్ల తర్వాత, ఒడ్సన్ సంపాదకుడిగా ఉన్న పత్రికలోనే.