కారెంపూడి పాటగాళ్లు

మావాడికి జాజ్, బ్లూస్ పిచ్చి. మొన్న అమెరికాలో, న్యూ ఆర్లీన్స్ ఊళ్లోని ప్రిజర్వేషన్ హాల్ వీడియో చూపించాడు. 1961లో మొదలైన చిన్న క్లబ్బు. పేరుకి క్లబ్బే గానీ మందు అమ్మరు. పాత గోడల గది, నాలుగు బెంచీలు. జనం మర్చిపోతున్న ముసలి వాద్యగాళ్లకి వాయించుకోను ఓ చోటుండాలని నడిపారట. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి కూర్చోకూడదన్న చట్టాలున్న రోజుల్లో ఆ గదిలో కలిసి కూర్చున్నారు.

"మన పల్నాట్లో ఇలాంటివి లేవు కదమ్మా" అన్నాడు.

లేకేం, కారెంపూడి వీరుల గుడి లేదూ!

కార్తీక అమావాస్యకి మొదలై అయిదు రోజులు అక్కడ వీరారాధన. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఏ రోజు ఘట్టం ఆ రోజు పాడతారు. పాడేవాళ్లు వీర విద్యావంతులు, ఎక్కువగా మాల కుటుంబాలవాళ్లు. కత్తి పట్టుకుని, పంబ మోతకి అడుగులేస్తూ పాడతారు. బడి గడప తొక్కనివ్వని కాలంలో కూడా వాళ్ల పేరు విద్యావంతులే! తండ్రి నోటి నుంచి కొడుకు నోటికి, పన్నెండో శతాబ్దపు యుద్ధం కథ అలా నడిచొచ్చింది.

నేను బి.ఏ. తెలుగు చదివా. మాకు పల్నాటి వీరచరిత్ర అంటే శ్రీనాథుడిదని చెప్పే ద్విపద కావ్యమే. అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చు వేయించారని రాసి మార్కులు తెచ్చుకున్నా. ఈ పాటగాళ్ల మీద ఒక్క ప్రశ్నా రాలేదు.

వాళ్ల పాట కోసం అమెరికా నుంచి జీన్ రోగైర్ వచ్చాడు. 1974లో అలిశెట్టి గాలెయ్య గారు పాడుతుంటే రికార్డు చేసుకుని, ఇంగ్లీషులోకి మార్చి, 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ల ద్వారా పుస్తకం తెచ్చాడు. దానికి ఆధారం తాటాకు కాదు, గాలెయ్య గారి గొంతు.

చిన్నప్పుడు మేమూ తిరనాళ్లకి వెళ్లేవాళ్లం. గాజులు, జీళ్లు, మందపోరు నాడు చాపకూడు. అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు అన్నం పెట్టించాడనీ, మాలవాడైన కన్నమదాసుని కొడుకులా చూసుకున్నాడనీ మా నాయనమ్మే చెప్పేది. ఆ నాయనమ్మే, పాట దగ్గర మేం ఆగితే, "వాళ్లది వాళ్లు పాడుకుంటారు, పదండి" అని చెయ్యి పట్టి లాక్కెళ్లేది. నేనూ వెళ్లిపోయేదాన్ని. పెళ్లయ్యాక పిల్లల్ని తీసుకెళ్లినప్పుడూ అంతే చేశా, ఇంటికెళ్లి వంట చేసుకోవాలని.

ఈ మాట మావాడికి చెప్పడానికి కాస్త సిగ్గేసింది. విని, "అయితే ఈసారి వెళ్దాం" అన్నాడు.

సరేనన్నా. చాపకూడు తినేసి వచ్చేద్దామంటే కుదరదు, పాట అయ్యేదాకా కూర్చోవాలని ముందే చెప్పా.