సివిల్ ఇంజనీరింగ్ వృత్తి: వేలూరు, గుడియాత్తం విద్యార్థులకు పరిచయం

రోడ్లు, వంతెనలు, ఆనకట్టలు, తాగునీటి పైపులు, మురుగు కాలువలు, భవనాలు కట్టి నిలబెట్టే వృత్తి సివిల్ ఇంజనీరింగ్. తమిళనాడులోని వేలూరు, గుడియాత్తంలలో పెరిగే తెలుగు పిల్లలకు దీని పాఠాలు ఊళ్ళోనే ఉన్నాయి. విజయనగర కాలంలో, 16వ శతాబ్దంలో రాతితో కట్టిన కోట, దాని చుట్టూ కందకం వేలూరు నడిబొడ్డున ఉన్నాయి. చిత్తూరు జిల్లా కొండల నుంచి వచ్చే కౌండిన్య నది, ఎగువన మోర్ధానా ఆనకట్ట దాటి, గుడియాత్తం మీదుగా పాలారులో కలుస్తుంది. చాలా నెలలు ఇసుకే కనిపించే ఈ నదులు 2021 నవంబరులో పొంగాయి. ఆ వానలకే పేర్నంబట్టులో ఇల్లు కూలి, పిల్లలతో సహా 9 మంది చనిపోయారు. వరదకు వంతెన కింద ఎంత దారి వదలాలి, నానిన నేల ఎంత బరువు మోస్తుంది అనేవి ఈ వృత్తిలో నిత్యం వేసే లెక్కలు.

బడిపిల్లలను ఒక్కసారైనా కాంక్రీటు పోసే చోటికి తీసుకెళ్ళాలి. అక్కడ స్లంప్ టెస్ట్ చూడవచ్చు: అడుగున వెడల్పుగా, పైన సన్నగా, 30 సెం.మీ. ఎత్తుండే ఇనుప అచ్చులో తడి కాంక్రీటు కూరి, అచ్చును నిలువుగా పైకి లాగుతారు. ముద్ద ఎంత దిగిందో స్కేలుతో కొలుస్తారు. అదే కాంక్రీటుతో 15 సెం.మీ. క్యూబులు పోసి, 28 రోజులు నీళ్ళలో నాననిచ్చి, యంత్రంతో నొక్కి పగలగొట్టి బలం తేలుస్తారు. నీళ్ళు ఎక్కువ పోస్తే పోత సులువవుతుంది, బలం తగ్గుతుంది. ఆ సంగతి మేస్త్రికి నచ్చజెప్పడమూ ఇంజనీరు పనే.

పదో తరగతి తర్వాత మూడేళ్ళ పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, బి.ఇ. రెండో ఏట చేరవచ్చు. ప్లస్ టూలో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివితే బి.ఇ. నాలుగేళ్ళు. తమిళనాడు ప్రభుత్వ కౌన్సెలింగ్‌కు ప్లస్ టూ మార్కులే ఆధారం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఈఏపీసెట్ రాయాలి. వేలూరులోనే తందై పెరియార్ ప్రభుత్వ కళాశాల, 1984లో మొదలైన విఐటి ఉన్నాయి.

ఎండలో పని ఆడపిల్లలకెందుకన్న మాట ఇళ్ళలో ఇంకా వినిపిస్తోంది. ప్రకాశం జిల్లాలో పుట్టి కాకినాడలో సివిల్ చదివిన ప్రొఫెసర్ మాధవీలత, నదికి 359 మీటర్ల ఎత్తున నిలిచిన చినాబ్ రైలు వంతెనకు కొండవాలు, పునాదుల విషయంలో 17 ఏళ్ళు సలహాదారుగా పనిచేశారు. 2025 జూన్‌లో ఆ వంతెన ప్రారంభమైంది.

తొలి ఉద్యోగాల్లో జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే ఉంటుంది, అనుభవంతో పెరుగుతుంది. ప్రభుత్వ కొలువు కోరేవారికి రాష్ట్రంలో టీఎన్‌పీఎస్సీ, కేంద్రంలో యూపీఎస్సీ పరీక్షలున్నాయి. టీఎన్‌పీఎస్సీలో తమిళ అర్హత పేపరు తప్పనిసరి కనుక, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు బడిలో తమిళం రాయడం బాగా సాధన చేయాలి.