బిల్లు నుంచి గ్రామం దాకా: ప్రజారోగ్య, అభివృద్ధి చట్టాల ప్రయాణం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• పార్లమెంటులో ఒక బిల్లు దాటవలసిన దశలను వివరించగలుగుతారు.
• చట్టం ఆమోదం పొందిన తేదీకి, అమలులోకి వచ్చిన తేదీకి గల తేడాను ఉదాహరణలతో చూపగలుగుతారు.
• మీ ప్రాంతాన్ని ప్రభావితం చేసే ఒక బిల్లును స్వయంగా గమనించి, తేదీల పట్టిక తయారు చేయగలుగుతారు.

1. పరిచయం

గోదావరి ఒడ్డున ఉన్న మంథని చాలాకాలం కరీంనగర్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరులో ఏర్పడిన పెద్దపల్లి జిల్లాలో చేరింది. 1957 నుంచి 1977 వరకు ఈ నియోజకవర్గానికి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో పి.వి. నరసింహారావు ప్రాతినిధ్యం వహించారు. ఆయన రాష్ట్రంలో న్యాయ, ఆరోగ్య, విద్యా శాఖలు నిర్వహించారు. 1971–73 మధ్య ముఖ్యమంత్రిగా, 1991 జూన్ నుంచి 1996 మే వరకు ప్రధానమంత్రిగా పనిచేశారు.

ఆ అయిదేళ్ళను మనం సాధారణంగా ఆర్థిక సంస్కరణల కాలంగా చదువుకుంటాం. అదే కాలంలో పంచాయతీలు, పసిపిల్లల ఆహారం, గర్భస్థ లింగనిర్ధారణ, పాకీపని వంటి విషయాలపై కూడా పార్లమెంటు చట్టాలు చేసింది. మంథని వంటి ఊళ్ళ నిత్యజీవితానికి ఇవి దగ్గరి చట్టాలు. కాబట్టి ఈ భాగంలో వాటినే ఉదాహరణలుగా తీసుకుందాం.

చరిత్ర పుస్తకాల్లో చట్టం పేరు పక్కన ఒక సంవత్సరం కనిపిస్తుంది. నిజానికి ప్రతి చట్టానికీ కనీసం నాలుగు తేదీలు ఉంటాయి: బిల్లును సభలో ప్రవేశపెట్టిన తేదీ, ఉభయసభలు ఆమోదించిన తేదీ, రాష్ట్రపతి ఆమోదముద్ర పొందిన తేదీ, అమలులోకి వచ్చిన తేదీ. ఈ తేదీల మధ్య ఎంత కాలం గడిచింది, ఆ కాలంలో ఎవరు ఎదురుచూశారు అన్నవి చరిత్ర విద్యార్థి వేయవలసిన ప్రశ్నలు.

2. విషయం ఎవరి పరిధిలోనిది?

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. ఆహార కల్తీ, వైద్యవృత్తి, కుటుంబ నియంత్రణ, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అంటువ్యాధులు వ్యాపించకుండా చూడడం ఉమ్మడి జాబితాలో ఉన్నాయి.

రాష్ట్ర జాబితాలోని అంశంపై పార్లమెంటు చట్టం చేయడానికి 252వ అధికరణం ఒక మార్గం చూపింది. రెండు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల శాసనసభలు తీర్మానం చేసి కోరితే, ఆ రాష్ట్రాలకు వర్తించేలా పార్లమెంటు చట్టం చేయవచ్చు. మిగిలిన రాష్ట్రాలు తరవాత తీర్మానం చేసి దానిని స్వీకరించవచ్చు. 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం ఈ పద్ధతిలోనే వచ్చింది. అయితే ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని స్వీకరించకుండా, 1995లో తన సొంత చట్టం చేసుకుంది. అంటే ఢిల్లీలో చట్టం అయినంత మాత్రాన అది మంథనికి వర్తించిందని అనుకోకూడదు.

3. బిల్లు నడిచే దారి: పంచాయతీరాజ్ ఉదాహరణ

పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చే ప్రయత్నం మొదట 1989లో 64వ సవరణ బిల్లుగా వచ్చింది. లోక్‌సభ ఆమోదించినా రాజ్యసభలో దానికి కావలసిన మెజారిటీ దక్కలేదు. 1991 సెప్టెంబరులో పి.వి. ప్రభుత్వం మరో బిల్లు ప్రవేశపెట్టింది. అది ఉభయసభల సంయుక్త సంఘానికి వెళ్ళి, మార్పులతో తిరిగివచ్చింది. 1992 డిసెంబరులో పార్లమెంటు దానిని ఆమోదించింది. సగానికి తగ్గకుండా రాష్ట్రాలు అంగీకరించిన తరవాత 1993 ఏప్రిల్ 24న అది అమలులోకి వచ్చింది. 72వ సవరణ బిల్లుగా ప్రవేశించినది చివరికి 73వ సవరణ చట్టంగా నిలిచింది. పాత పత్రికలను, పార్లమెంటు చర్చలను వెతికేటప్పుడు ఈ సంఖ్యల తేడా గుర్తుంచుకోండి.

ఈ సవరణతో చేరిన పదకొండో షెడ్యూలులో 29 అంశాలున్నాయి. తాగునీరు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలతో సహా ఆరోగ్యం, పారిశుధ్యం, స్త్రీ శిశు అభివృద్ధి వాటిలో ఉన్నాయి. కాని వీటిని పంచాయతీలకు అప్పగించే పని రాష్ట్ర శాసనసభలదే. అందుకే ఆంధ్రప్రదేశ్ 1994లో కొత్త పంచాయతీరాజ్ చట్టం చేసింది. నిధులు, సిబ్బంది, అధికారాలు ఎంతవరకు బదిలీ అయ్యాయన్నది రాష్ట్రాన్ని బట్టి మారింది.

1993 ఏప్రిల్‌లో మరో ముఖ్యమైన మార్పు జరిగింది. మంత్రిత్వ శాఖల వారీగా 17 పార్లమెంటరీ స్థాయీ సంఘాలు ఏర్పడ్డాయి. 2004లో వీటి సంఖ్య 24కు పెరిగింది. తమకు వచ్చిన బిల్లులను ఇవి ఒక్కొక్క క్లాజు చొప్పున పరిశీలిస్తాయి. ప్రజల నుంచి, సంస్థల నుంచి లిఖితపూర్వక అభిప్రాయాలు కోరతాయి. అయితే ప్రతి బిల్లునూ సంఘానికి పంపి తీరాలన్న నిబంధన లేదు.

4. ఆమోదానికీ అమలుకూ మధ్య

పసిపిల్లల పాలపొడి విషయం చూడండి. తల్లిపాలకు బదులుగా అమ్మే ఉత్పత్తుల ప్రచారాన్ని అదుపు చేయడానికి 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ఒక అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. 1983లో భారతదేశం జాతీయ నియమావళిని ప్రకటించింది. 1992లో అది చట్టరూపం దాల్చి, 1993 ఆగస్టు 1 నుంచి అమలైంది. మీ ఊరి మందుల దుకాణంలో పాలపొడి డబ్బాపై తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమని చెప్పే వాక్యం ఈ చట్టం వల్లనే కనిపిస్తుంది.

గర్భస్థ లింగనిర్ధారణను అరికట్టే బిల్లు 1991లో సభకు వచ్చింది, 1994లో చట్టమైంది, 1996 జనవరి 1న అమలులోకి వచ్చింది. అమలు మందకొడిగా ఉందంటూ 2000లో స్వచ్ఛంద సంస్థలు సుప్రీంకోర్టును ఆశ్రయించాయి. 2001లో కోర్టు ఆదేశాలిచ్చింది. ఆ తరవాత చట్టాన్ని సవరించి మరింత కఠినం చేశారు.

పాకీపనిని, పొడి మరుగుదొడ్ల నిర్మాణాన్ని నిషేధించిన 1993 చట్టం ఇంకా ఆలోచింపజేస్తుంది. 252వ అధికరణం కింద ఈ చట్టాన్ని కోరిన ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1993 జూన్‌లో ఆమోదముద్ర పడినా అది 1997 జనవరి 26 వరకు అమలులోకి రాలేదు. ఆ మూడున్నరేళ్ళూ పుస్తకంలో చట్టం ఉంది, తల మీద మలం బుట్ట కూడా ఉంది. 2003లో సఫాయి కర్మచారీ ఆందోళన్ సుప్రీంకోర్టులో కేసు వేసింది. 2013లో పార్లమెంటు పునరావాసాన్ని కూడా చేర్చి కొత్త చట్టం చేసింది.

మంథని దగ్గర గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. ఆ జిల్లాలోని షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం 1996 డిసెంబరులో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1998లో దానికి అనుగుణంగా తన చట్టాన్ని సవరించింది. నియమాలు మాత్రం 2011లో గాని రాలేదు.

5. రాబోయే చట్టాన్ని గమనించే పద్ధతి

(అ) ముసాయిదా: కేంద్ర ప్రభుత్వం 2014 ఫిబ్రవరిలో తీసుకున్న విధాన నిర్ణయం ప్రకారం ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలి. ఇది విధానమే గాని చట్టం కాదు. అందువల్ల ప్రతిసారీ పాటించడం లేదు.

(ఆ) బిల్లు: చివర జతచేసిన ‘ఉద్దేశాలు, కారణాల వివరణ’ను, ఖర్చు ఎవరు భరిస్తారో చెప్పే భాగాన్ని ముందుగా చదవండి. తరవాత మొదటి క్లాజు చూడండి. ‘కేంద్ర ప్రభుత్వం ప్రకటించే తేదీ నుంచి’ అని ఉంటే, అమలు తేదీ కోసం విడిగా వెతకాలి.

(ఇ) సభ: లోక్‌సభ రద్దయితే అక్కడ పెండింగులో ఉన్న బిల్లులు మురిగిపోతాయి. 2007 నాటి భూసేకరణ సవరణ బిల్లు 2009లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. గనులకు, ప్రాజెక్టులకు భూములిచ్చిన కుటుంబాలున్న ఈ ప్రాంతం కొత్త భూసేకరణ చట్టం కోసం 2014 జనవరి 1 వరకు ఆగవలసి వచ్చింది. రాజ్యసభలో ప్రవేశపెట్టి అక్కడే పెండింగులో ఉన్న బిల్లు మురిగిపోదు. 2014 ఫిబ్రవరిలో రాజ్యసభకు వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ బిల్లు అదే ఏడాది జరిగిన ఎన్నికలను దాటి, 2017లో చట్టమై, 2018 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది.

(ఈ) గెజిట్, నియమాలు: అమలు ప్రకటన, నియమాలు, రాష్ట్ర ఉత్తర్వులు వచ్చేవరకు పరిశీలన ఆపకండి.

6. సారాంశం

కేంద్ర చట్టం గ్రామానికి చేరడానికి పార్లమెంటు ఆమోదం ఒక్కటే చాలదు. అమలు ప్రకటన, నియమాలు, రాష్ట్ర చర్య, నిధులు కావాలి. ముసాయిదా, స్థాయీ సంఘం దశలలో సాధారణ పౌరుడు కూడా తన మాట చెప్పవచ్చు. నియమాల దశలో ఆలస్యాన్ని ప్రశ్నించవచ్చు. ఏ దశ నడుస్తున్నదో తెలిసినవారే సమయానికి అడగగలుగుతారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 252వ అధికరణం ఉద్దేశం ఏమిటి? ఒక ఉదాహరణ ఇవ్వండి.
2. 1993 నాటి పాకీపని నిషేధ చట్టానికి ఆమోదముద్రకూ అమలుకూ మధ్య ఎంత కాలం గడిచింది? ఆ జాప్యం ఎవరిపై భారం మోపింది?
3. ప్రస్తుతం పార్లమెంటు పరిశీలనలో ఉన్న ఒక ఆరోగ్య బిల్లును ఎంచుకుని, పైన చెప్పిన నాలుగు తేదీలతో పట్టిక గీయండి. ఇంకా రాని తేదీల గడులను ఖాళీగా ఉంచి, కోర్సు ముగిసేలోగా వాటిని నింపడానికి ప్రయత్నించండి.